జమాఅత్‌కు ఇంత విలువ ఎక్కడి నుంచి వచ్చింది?

2020 మార్చిలో కువైట్ మస్జిద్‌ల నుంచి ‘మీ ఇళ్లలోనే నమాజు చేసుకోండి’ అనే పిలుపు వినిపించింది. అంతకుముందు ఏడాది సుమారు 25 లక్షల మంది చేసిన హజ్, కరోనా వల్ల ఆ ఏడాది సౌదీలో అప్పటికే ఉంటున్న కొద్దిమందికే పరిమితమైంది. ఇంట్లో నమాజుకు ధర్మపరంగా చిక్కేమీ లేదు. బాగా వాన పడే రోజుల్లో అలా పిలవడం ప్రవక్త కాలం నుంచీ ఉన్నదే. ఇంట్లో చేసిన నమాజూ నమాజే. అయినా చాలామంది విలవిల్లాడిపోయారు. పదిమందితో కలిసి నమాజులో నిలబడటానికి, అంటే జమాఅత్‌కు, అంత విలువ ఎందుకు? జవాబు కోసం 1,400 ఏళ్లు వెనక్కి, ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన కొందరి దగ్గరికి వెళ్లాలి.

అప్పటి అరేబియాలో మనిషికి అండ అతని తెగే. పోలీసు లేదు, కోర్టు లేదు. బానిసగా ఉన్న బిలాల్ లాంటివాళ్లకు మక్కాలో ఆ అండ కూడా లేదు. ప్రవక్త వంశమైన బనూ హాషింను మక్కాలో పెత్తనం చేసే ఖురైషు తెగవాళ్లు కొన్నేళ్లపాటు వెలివేశారు. వాళ్లతో పెళ్లి సంబంధాలు లేవు, కొనడం అమ్మడం లేదు. చివరికి 622లో ముస్లింలు మక్కా వదిలి యస్రిబ్ చేరారు. అదే తర్వాత మదీనా అయింది. అక్కడి ఔస్, ఖజ్రజ్ తెగలు కొన్నేళ్ల ముందే బుఆస్ యుద్ధంలో ఒకరినొకరు నరుక్కున్నాయి. ఒకవైపు కట్టుబట్టలతో వలస వచ్చిన ముహాజిర్లు, ఇంకోవైపు పాత పగలు పూర్తిగా చల్లారని ఆ ఊరి ముస్లింలు, అంటే అన్సార్లు.

ప్రవక్త ముహమ్మద్ (స) మంచి మాటలతో సరిపెట్టలేదు. ఒక్కో ముహాజిర్‌ను ఒక్కో అన్సార్‌తో అన్నదమ్ములుగా జత చేశారు. మక్కా వ్యాపారి అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌కు సఅద్ బిన్ రబీ జతయ్యారు. నా ఆస్తిలో సగం తీసుకో అన్నారు సఅద్. అబ్దుర్రహ్మాన్ ఆయన్ని దీవించి, బజారు ఎటో చూపిస్తే చాలన్నారు. నెయ్యి, ఎండబెట్టిన జున్ను అమ్మడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకే పెళ్లి చేసుకుని, ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్‌గా (పెళ్లికూతురికి ఇచ్చే కానుకగా) ఇచ్చారు. ఈ ఘటనలో అందరూ సఅద్ ఉదారతనే చెబుతారు. అబ్దుర్రహ్మాన్ ఆత్మాభిమానం కూడా అంతే గొప్పదని నాకనిపిస్తుంది.

తోటల విషయంలోనూ అంతే. మా ఖర్జూరపు తోటలు పంచేయండని అన్సార్లు అడిగితే ప్రవక్త వద్దన్నారు. ముహాజిర్లు తోటపని చేసేట్టు, కాపు ఇద్దరూ పంచుకునేట్టు కుదిరింది. కొందరు విడిగా ఇచ్చిన చెట్లను 628లో ఖైబర్ యుద్ధం తర్వాత ముహాజిర్లు తిరిగి ఇచ్చేశారు. మొదట్లో ఈ జతల్లో ఒకరు చనిపోతే ఆస్తి రెండోవారికి వచ్చేది. వలస వచ్చినవాళ్లు నిలదొక్కుకున్నాక ఖుర్ఆన్ ఆ హక్కును మళ్లీ రక్తసంబంధీకులకే ఇచ్చింది. వారసత్వం పోయింది గానీ ఒకరినొకరు చూసుకోవాల్సిన బాధ్యత పోలేదు.

ఆ బాధ్యత రోజూ కనబడే చోటు మస్జిద్. మదీనాలో కట్టింది పచ్చి ఇటుకల గోడలతో, ఖర్జూరపు మొద్దుల స్తంభాలతో. ఇల్లు లేనివాళ్లు అందులోనే సుఫ్ఫా అనే చోట తలదాచుకునేవారు. ఇద్దరికి సరిపడా తిండి ఉన్నవాళ్లు వాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లాలని ప్రవక్త చెప్పారు.

జమాఅత్‌తో చేసిన నమాజు ఒంటరి నమాజు కంటే 27 రెట్లు మేలన్న హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనం) అందరికీ తెలుసు. నన్ను మాత్రం ఎక్కువగా కదిలించేది మరో హదీసు. మస్జిద్ ఊడ్చే ఒక స్త్రీ కొన్నాళ్లుగా కనబడకపోతే ప్రవక్త ఆరా తీశారు. చనిపోయిందన్నారు. ఆ విషయం ఆయనకు చెప్పాల్సినంత పెద్దదని సహచరులు అనుకోలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగి, ఆమె సమాధి చూపించమని, అక్కడికి వెళ్లి చనిపోయినవారి కోసం చేసే జనాజా నమాజు చేశారు. రోజుకు ఐదుసార్లు కలిసే చోట ఎవరు రాలేదో తెలిసిపోతుంది. తెలియాలి కూడా.

ఇదే బంధం ఉన్నవాళ్లు ఏటా ఇవ్వాల్సిన దానం జకాత్‌తో, రంజాన్ పండగ నమాజుకు ముందే పేదలకు చేరాల్సిన దానం ఫిత్రాతో తెగల ఎల్లలు దాటింది. 630లో మక్కా చేతికి వచ్చినప్పుడు కాబా మీద నుంచి అజాన్ (నమాజుకు పిలుపు) ఇచ్చింది ఒకప్పటి బానిస బిలాల్. ఏడు వందల ఏళ్ల తర్వాత అనటోలియాలో (నేటి టర్కీలో) తిరిగిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, అఖీలనే కుర్ర చేతిపనివాళ్లు రోజు సంపాదన ఒకచోట పోగేసి బాటసారులకు భోజనం పెట్టడం చూశాడు. ఒక ఊళ్లో అయితే ఆయన మాకు అతిథి అంటే మాకని రెండు జట్లు కత్తులు దూసుకున్నాయి. చీట్లేసి తేల్చుకోవాల్సి వచ్చింది.

ఇస్లాంలోకి వచ్చి కుటుంబానికి దూరమైనవాళ్లు, పొట్టకూటి కోసం దేశం మారినవాళ్లు ఈనాటి ముహాజిర్లు. పండగ నమాజులో పక్కవాడి భుజానికి భుజం ఆనించి నిలబడ్డవాళ్లే ఆ తర్వాత ఒక్కరే గదికి వెళ్లిపోతున్నారు. అలాంటి ఒక్కొక్కరికీ పేరుపేరునా ఒక కుటుంబాన్ని తోడు పెట్టే పద్ధతి కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. మస్జిద్ కమిటీలు తర్వాతి మీటింగులో కార్పెట్లు, ఏసీల లెక్కల కంటే ముందు ఈ జాబితా రాసుకోవడం మొదలుపెట్టవచ్చు.