ఎలుకలో ఎండిన గడ్డ

పేపర్లలో, టీవీల్లో తరచూ ఒక వార్త కనిపిస్తుంది. ఫలానా మొక్క వేరులోనో, ఫలానా సముద్రజీవిలోనో దొరికిన పదార్థం కణితికి రక్తం అందకుండా చేసిందట, ఎలుకల్లో గడ్డ కరిగిపోయిందట. చాలాసార్లు వార్త అబద్ధమేమీ కాదు. ఎవరో ఒక ల్యాబ్‌లో నిజంగానే చూశారు, నిజంగానే కరిగింది. మరి ఆ మందు ఆసుపత్రి దాకా ఎందుకు రాదు? కంపెనీల కుట్ర అనేది వాట్సాప్ చెప్పే జవాబు. అసలు జవాబు అంతకంటే చాలా ఆసక్తిగా ఉంటుంది. అందులో సగం, మనం ఏ బల్ల మీద, ఏ జంతువులో చూశామన్న దాంట్లోనే ఉంది.

1960 ప్రాంతంలో జూడా ఫోక్‌మన్ అనే యువ సర్జన్‌కు అమెరికా నౌకాదళం ఒక పని అప్పగించింది. క్యాన్సర్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. నెలల తరబడి సముద్రంలో ఉండే ఓడల్లో రక్తం నిల్వ పెట్టడం కష్టం కాబట్టి, దాని బదులు హిమోగ్లోబిన్ ద్రావణం పనికొస్తుందేమో చూడమన్నారు. అమెరికాలోని బెథెస్డాలో నౌకాదళ ల్యాబ్‌లో ఆయన, ఫ్రెడరిక్ బెకర్ కలిసి జంతువు నుంచి తీసిన థైరాయిడ్ గ్రంథిని గాజు పాత్రలో పెట్టి, దాని రక్తనాళంలోకి ఆ ద్రావణం పంపుతూ బతికించారు. అలా బతికిన గ్రంథిలో కొత్త కణాలు ఎదుగుతాయా అన్నది చూడాలి. అందుకని ఎలుకల మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణాల్ని అందులోకి ఎక్కించారు. క్యాన్సర్ కణాల కంటే ఆబగా పెరిగేవి ఇంకేముంటాయి?

పెరిగాయి. కానీ ఒకటి రెండు మిల్లీమీటర్లు, అంటే గుండుసూది తలంత అయ్యాక ఆగిపోయాయి. చచ్చిపోయాయా అంటే అదీ లేదు. అవే గడ్డల్ని తీసి ఎలుకలో పెడితే కొద్ది రోజుల్లోనే వెయ్యి రెట్లు ఉబ్బాయి. రెండు చోట్లా కణాలు ఒకటే. కనబడిన తేడా ఒక్కటే: ఎలుకలో గడ్డలోకి కొత్త రక్తనాళాలు పాకాయి, గాజు పాత్రలో పాకలేదు.

దీని వెనక లెక్క సులువు. రక్తనాళం నుంచి ఆక్సిజన్ కణజాలంలోకి ఊరుతూ పోగలిగే దూరం మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే ఐదో వంతు. అంతకు మించి దూరంలో ఉన్న కణం బతకదు. కాబట్టి తనలోకి నాళాలు రాని కణితి ఒక సైజు దగ్గర గిడసబారిపోతుంది. అంచున కొత్త కణాలు పుడుతుంటే లోపల అన్నే చస్తుంటాయి.

1971లో ఫోక్‌మన్ ఈ సంగతిని ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో సిద్ధాంతంగా రాశాడు. కణితి ఏదో పదార్థాన్ని వదిలి చుట్టుపక్కల నాళాల్ని తనవైపు పిలుచుకుంటోంది, ఆ పిలుపును ఆపితే కణితి గుండుసూది తల దగ్గరే ఆగిపోతుంది అన్నాడు. పెద్దలు ఒప్పుకోలేదు. గడ్డ చుట్టూ ఎర్రదనం ఉట్టి వాపే అన్నారు. నా ఉద్దేశంలో ఇక్కడ వృత్తి తేడా కూడా ఉంది. పాథాలజిస్టు చూసే కణితి నెత్తురంతా కారిపోయి పాలిపోయిన ముక్క. సర్జన్ చూసేది కత్తి తగలగానే చిమ్మే గడ్డ. ఫోక్‌మన్ సర్జన్.

ఆయన అప్పటికే బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో సర్జరీ విభాగాధిపతి. ఆ ఆసుపత్రి మనకూ కొంత తెలిసినదే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును 1940ల చివర్లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చి, కొన్నాళ్లైనా జబ్బు వెనక్కి తగ్గడం మొదటిసారి చూసింది అక్కడే.

సిద్ధాంతం రాయడం ఒక ఎత్తు, నాళం పెరగడాన్ని కళ్లారా చూడటం ఒక ఎత్తు. ఒళ్లంతా నాళాలే ఉన్న జంతువులో కొత్తది ఏదో, పాతది ఏదో ఎలా చెప్పడం? దీనికి దొరికిన ఉపాయాలు రెండూ నాకు ఆ సిద్ధాంతం కంటే ఎక్కువ నచ్చుతాయి.

ఒకటి కుందేలు కన్ను. కంటి ముందుండే కార్నియా అద్దంలా ఉంటుంది, అందులో ఒక్క రక్తనాళమూ ఉండదు. దాని మందంలోనే చిన్న సంచిలా కోసి, అందులో కణితి ముక్క పెడతారు. కొద్ది రోజులకు తెల్లగుడ్డు అంచు నుంచి సన్నని ఎర్రదారాలు ముక్కవైపు పాకడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. రోజుకు ఎంత పాకిందో కొలుచుకోవచ్చు. కణితి ముక్కకూ అంచుకూ మధ్య మృదులాస్థి (కార్టిలేజ్) ముక్క పెడితే ఆ దారాలు మెల్లబడ్డాయి. శరీరంలో మృదులాస్థికి రక్తనాళాలుండవు కాబట్టి, వాటిని రానివ్వని పదార్థమేదో అందులో ఉండాలని ఊహించారు, ఊహ ఫలించింది. ఆ పదార్థాన్ని వేరుచేసే పని రాబర్ట్ లాంగర్ అనే కుర్ర కెమికల్ ఇంజినీరు మీద పడింది. ఆయన కబేళా నుంచి ఆవు ఎముకలు తెప్పించుకుని, గీకి, నానబెట్టి, వడకట్టి 1976లో దాన్ని చూపించాడు. కంటిలో ఆ పదార్థం మెల్లమెల్లగా ఊరడానికి పాలిమర్ గుళికలు కావలసి వచ్చాయి, అవీ ఆయనే తయారుచేశాడు. తర్వాత మోడెర్నా కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైంది ఈ లాంగరే.

రెండోది కోడిగుడ్డు. పొదగడం మొదలై మూడు రోజులైన గుడ్డును పగలగొట్టి పెట్రీ డిష్‌లో పోస్తే పిండం అందులోనే పెరుగుతుంది. దాని పైపొర మీద నాళాలు చెట్టుకొమ్మల్లా విచ్చుకుంటాయి. పరీక్షించాల్సిన మందును చిన్న బిళ్లలా ఎండబెట్టి ఆ పొర మీద ఉంచుతారు. రెండు రోజుల తర్వాత బిళ్ల చుట్టూ నాళాలు లేని తెల్లటి వలయం ఏర్పడితే మందు పనిచేసినట్టు. ఖర్చు తక్కువ, తీర్పు త్వరగా వస్తుంది. ఇప్పటికీ చాలా ల్యాబుల్లో తొలి వడపోత ఇదే.

1985లో ఫోక్‌మన్ ల్యాబ్‌లోనే డొనాల్డ్ ఇంగ్‌బర్ పెంచుతున్న నాళకణాల డిష్‌లో బూజు పట్టింది. బూజు పట్టిన డిష్‌ను ఎవరైనా పారేస్తారు. ఆయన పారేయకుండా మైక్రోస్కోపు కింద పెట్టాడు. బూజుకు దగ్గర్లో ఉన్న కణాలు చావలేదు, పరుచుకుని ఉండాల్సినవి ముడుచుకుని గుండ్రంగా మారాయి. దూరం పోయేకొద్దీ ఆ మార్పు తగ్గుతూ వచ్చింది. అంటే బూజు వదిలే పదార్థం విషంలా చంపట్లేదు, పెరగనివ్వట్లేదు. అది ఫ్యుమాజిల్లిన్. తేనెటీగల పెంపకందారులు ఈగల జబ్బుకు వాడే మందే. దానికి దగ్గరి రూపం టీఎన్‌పీ-470ని జపాన్ కంపెనీ టకేడా తయారుచేసింది. ఎలుకల్లో బాగా పనిచేసిన ఆ మందు మనుషుల్లో నరాల మీద దెబ్బకొట్టి వెనకబడిపోయింది.

ఇక అదే ల్యాబ్‌లో మైఖేల్ ఓ’రైలీ పని. పెద్ద కణితిని కోసి తీసేశాక ఎక్కడో దూరాన నిద్రపోతున్న పిల్లగడ్డలు ఒక్కసారిగా విజృంభించడం సర్జన్లకు పాత అనుభవమే. దీనికి ఫోక్‌మన్ ఇచ్చిన వివరణ ఇది: పెద్ద కణితి తన దగ్గర నాళాల్ని పిలుచుకుంటూనే, నాళాల్ని ఆపే పదార్థాన్ని కూడా రక్తంలోకి వదులుతోంది. పిలిచేది త్వరగా విరిగిపోతుంది, ఆపేది రక్తంలో చాలాసేపు నిలబడి దూరపు గడ్డల్ని అణచిపెడుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఓ’రైలీ కణితి ఉన్న ఎలుకల మూత్రం లీటర్ల కొద్దీ పోగుచేశాడు. ఎలుక ఒకసారికి ఎంత పోస్తుందో తలచుకుంటే ఆ ఓపిక అర్థమవుతుంది. 1994లో దొరికింది యాంజియోస్టాటిన్. అది కొత్త పదార్థమేమీ కాదు, మన రక్తంలో ఉండే ప్లాస్మినోజెన్ అనే ప్రొటీన్‌లో తెగిన ముక్క. 1997లో ఎండోస్టాటిన్ వచ్చింది, అదీ కొల్లాజెన్‌లో ఒక ముక్కే. ఎండోస్టాటిన్ ఇచ్చినప్పుడల్లా ఎలుకల్లో గడ్డ కుంచించుకుపోయింది. ఆపితే మళ్లీ పెరిగింది, మళ్లీ ఇస్తే మళ్లీ తగ్గింది. మందుకు లొంగని కణితి తయారవలేదు. కొన్ని విడతలయ్యాక ఆపేసినా గడ్డ లేవలేదు.

1998 మే 3న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఈ వార్త రాగానే గొడవ మొదలైంది. మందు హక్కులున్న ఎంట్రెమెడ్ కంపెనీ షేరు మర్నాడు కొన్ని రెట్లు ఎగబాకింది. మందు ఎప్పుడొస్తుందని రోగులు ఆసుపత్రులకు ఫోన్లు చేశారు. ఫోక్‌మన్ మాత్రం, మీరు ఎలుకలైతే మీ క్యాన్సర్‌ను మేం బాగా చూసుకోగలం అని నవ్వించి ఊరుకునేవాడు. తర్వాత మనుషుల మీద జరిగిన పరీక్షల్లో ఎండోస్టాటిన్ సురక్షితమని తేలింది కానీ, గడ్డలు కరగలేదు. చైనా మాత్రం 2005లో దాని మార్చిన రూపానికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అనుమతి ఇచ్చింది.

ఎందుకు కరగలేదు? ఎలుక చర్మం కింద లక్షల కొద్దీ క్యాన్సర్ కణాల్ని ఎక్కిస్తే రెండు మూడు వారాల్లో ఒక గ్రాము గడ్డ తయారవుతుంది. ఎలుక బరువే ఇరవై గ్రాములు. అరవై కిలోల మనిషికి మూడు కిలోల గడ్డ మూడు వారాల్లో లేవడంతో సమానం! అంత వేగంగా పెరిగే గడ్డలో ప్రతి నాళమూ అప్పుడే మొలిచింది, లేతది. అలాంటి దానికి కొత్త నాళాలు ఆపితే కూలిపోక ఏం చేస్తుంది? మనిషిలో కణితి చాలావరకు ఏళ్ల తరబడి ఎదుగుతుంది. దాని నాళాల్లో కొన్ని ముదిరి, చుట్టూ ఆసరా కణాలు చుట్టుకుని గట్టిపడి ఉంటాయి. ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు వంటి చోట్ల కణితికి కొత్త నాళాలతో పనే ఉండకపోవచ్చు, ఉన్న నాళాల వెంబడే పాకుతుంది. ఒక పిలుపును మూసేస్తే మరో పదార్థంతో పిలుస్తుంది. ఎలుక మనకు అబద్ధం చెప్పలేదు, మనం అడిగినదానికే జవాబు చెప్పింది. వేగంగా పెరిగే లేత గడ్డ గురించి అడిగాం, దాని గురించే చెప్పింది.

ఎలుకను మాత్రమే అడిగి ఉంటే దారి తప్పేవాళ్లమే అనిపించే ఇంకో కేసు థాలిడోమైడ్. గర్భిణులు వాడితే చేతులు కాళ్లు సరిగా లేని పిల్లలు పుట్టారని 1961లో వెనక్కి తీసుకున్న మందు అది. పిండంలో చేతులు మొలవనివ్వనిది నాళాల్నీ మొలవనివ్వదేమోనని రాబర్ట్ డామాటో 1994లో కుందేలు కంటిలో పరీక్షిస్తే నిజమేనని తేలింది. ఎలుకల్లో పరీక్షించి ఉంటే ఏమీ కనబడేది కాదు, ఎలుకలకు ఆ మందు పెద్దగా పట్టదు. ఆ ఆశతోనే ఎముక మజ్జ క్యాన్సర్ మైలోమా రోగులకు ఇస్తే, ఇతర మందులకు లొంగనివారిలో మూడో వంతు మందికి గుణం కనిపించింది. 2006లో అనుమతీ వచ్చింది. తర్వాత 2010లో తేలిందేమిటంటే, అది పట్టుకునే అసలు లక్ష్యం సెరెబ్లాన్ అనే ప్రొటీన్. మైలోమాలో దాని బలమంతా ప్రధానంగా అక్కడి నుంచే. నాళాలన్న ఊహే ఆ మందును రోగి దాకా నడిపించింది, పని మాత్రం వేరే దారిలో జరిగింది.

నాళాల్ని పిలిచే పదార్థాల్లో ముఖ్యమైనదాన్ని, వీఈజీఎఫ్‌ను, 1989లో జెనెంటెక్ కంపెనీలో నపోలియోన్ ఫెరారా బృందం వేరుచేసింది. దాన్ని పట్టి కట్టేసే యాంటీబాడీయే బెవాసిజుమాబ్. 2004 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ ముదిరినవారిలో కీమోతో కలిపి ఇస్తే మధ్యస్థ ఆయుష్షు (సగం మంది రోగులు అంతకు మించి బతికిన కాలం) 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెరిగింది. అయిదు నెలల లోపే. ఎలుకల్లో చూసినదాంతో పోలిస్తే ఇది చిన్నదే, ఆ రోగి ఇంట్లోవాళ్లకు చిన్నది కాదు. కానీ కొత్త నాళాలు గాయాలు మానడానికీ కావాలి. అందుకే ఈ మందుతో రక్తస్రావం, బీపీ, కుట్లు మానకపోవడం వంటి చిక్కులున్నాయి. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చిన అనుమతిని అమెరికా 2011లో వెనక్కి తీసుకుంది. ఇది కీమోతో కలిపితేనే బాగా ఎందుకు పనిచేస్తుందన్న దానికి ఐఐటీ కాన్పూర్‌లో చదివిన రాకేశ్ జైన్ ఒక వింత వివరణ ఇచ్చారు. కణితి నాళాలు వంకర్లు తిరిగి, కారిపోతూ ఉంటాయి. వీఈజీఎఫ్‌ను కాస్త తగ్గిస్తే అవి కొన్నాళ్లు చక్కబడి, కీమో మందు లోపలికి బాగా చేరుతుంది. రక్తం ఆపుదామని కనిపెట్టిన మందు కొంతకాలం రక్తప్రవాహాన్ని బాగుచేస్తోందన్నమాట.

నోటితో మింగే మాత్రలూ వచ్చాయి. సొరాఫెనిబ్ అనేది వీఈజీఎఫ్ అందుకునే గ్రాహకాలతో పాటు మరికొన్నిటిని అడ్డుకుంటుంది, కిడ్నీ, కాలేయ క్యాన్సర్లలో వాడతారు. మన దేశంలో బేయర్ దాన్ని నెలకు సుమారు 2.8 లక్షల రూపాయలకు అమ్మేది. 2012 మార్చిలో పేటెంట్ కంట్రోలర్ హైదరాబాద్‌కు చెందిన నాట్కోకు కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి) ఇవ్వడంతో అదే మందు 8,880 రూపాయలకు వచ్చింది. దేశంలో అదే మొదటి కంపల్సరీ లైసెన్సు.

వంటింటి పదార్థాల మాటకొస్తే, పసుపులోని కర్క్యుమిన్ డిష్‌లో నాళకణాల్ని ఆపుతుంది. నిజమే. కానీ మింగినదాంట్లో రక్తానికి చేరేది బహు స్వల్పం. క్యాన్సర్‌కు మందంటూ అమ్మిన సొరచేప మృదులాస్థి పొడి వ్యాపారం కూడా లాంగర్ తరహా పరిశోధనల నీడలోనే సాగింది. ఆ ప్రొటీన్లు కడుపులోనే అరిగిపోతాయి. దాని సారంతో చేసిన మందు ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద జరిపిన పెద్ద పరీక్షలో ఓడిపోయింది. సొరచేపలకు క్యాన్సర్ రాదన్నదీ తప్పే, వస్తుంది.

ఈ పరిశోధనంతటికీ తిరుగులేని ఫలితం దక్కింది క్యాన్సర్‌లో కాదు, కంటిలో. వయసు పైబడినవారిలో రెటీనా నడిమధ్య కొత్త నాళాలు మొలిచి, కారి, చూపు పోగొట్టే జబ్బు ఒకటుంది. దానికి 2006లో వచ్చిన రనిబిజుమాబ్ ఇంజెక్షన్‌తో నూటికి 90 మందికి పైగా చూపు నిలబడింది, దాదాపు మూడో వంతు మందికి బాగా మెరుగుపడింది. అక్కడ గడ్డ లేదు, ఎప్పటికప్పుడు వేషం మార్చే క్యాన్సర్ కణాలూ లేవు. దోషి చాలావరకు ఒక్క వీఈజీఎఫే. పేగు క్యాన్సర్ కోసం చేసిన బెవాసిజుమాబే కంటికీ దాదాపు అంతే పనిచేస్తుందని 2011లో పెద్ద పరీక్షలో తేలింది. కంటికి కావలసింది 1.25 మిల్లీగ్రాములు, సీసాలో ఉండేది 100. అమెరికాలో అప్పటి ధరల ప్రకారం ఒక ఇంజెక్షన్ దానితో 50 డాలర్లు, రనిబిజుమాబ్‌తో సుమారు 2,000. కంటి డాక్టర్లు ఆ సీసాను చిన్న సిరంజీల్లోకి పంచి, లేబుల్ మీద కన్ను అనే మాట లేకపోయినా, ఇస్తూనే ఉన్నారు.