అమ్మవారి తోపును రిజిస్టరులో రాయిస్తే పోతుందా?

పోయిన నెలా అదే మాట విన్నాను. పీబీఆర్, అంటే ఊరి చెట్టూచేమా పిట్టలను ఊరివాళ్లే రాయించే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు, ఆ పని మీద రాయలసీమలో ఒక ఊరికి వెళ్లాం. గంగమ్మ తోపులో నిలబడి చెట్ల పేర్లు రాసుకుంటుంటే ఒక పెద్దావిడ నా పుస్తకం మీద చెయ్యి పెట్టి ఆపింది. "ఇవన్నీ రాసుకున్నాక కంచె ఏస్తారంట గదా నాయనా, మాకు పొంగళ్లు పెట్టుకోనిస్తారా?" పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇది అడగని ఊరు లేదు.

అపోహ: వనాన్ని కాగితాల్లోకి ఎక్కిస్తే సర్కారు లాక్కుంటుంది.

వాస్తవం: పీబీఆర్ భూమి రికార్డు కాదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీ స్థాయిలో ఉండే బీఎంసీ (జీవవైవిధ్య యాజమాన్య కమిటీ) దాన్ని రాయిస్తుంది. ఊళ్లో ఏ చెట్లున్నాయి, ఏ పిట్టలు వస్తాయి, ఎవరు దేన్ని ఎందుకు వాడతారు, అంతవరకే. రాసినంత మాత్రాన గజం నేల కూడా చేతులు మారదు. ఇంకో మెట్టెక్కి జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తించమని అడిగినా, 37వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థలను సంప్రదించాకే ప్రభుత్వం నోటిఫై చేయాలి. ఊరివాళ్లు తమంతట తాము పెట్టుకున్న కట్టుబాట్లు తప్ప, ఇప్పుడున్న వాడుక మీద కొత్త ఆంక్షలు పెట్టకూడదని మార్గదర్శకాల్లో ఉంది. దేశంలో ఈ గుర్తింపు మొదట పొందింది, 2007లో, బెంగళూరు దగ్గరి నల్లూరు చింతతోపు. మనవైపు హైదరాబాద్ దగ్గరి అమీన్‌పూర్ చెరువుకు 2016లో వచ్చింది.

అలాగని ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టేయమని కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కమ్యూనిటీ రిజర్వు, అంటే ఊరివాళ్లు తమ భూమిని వన్యప్రాణుల కోసం రక్షిత ప్రాంతంగా ఇవ్వడం, వేరే వ్యవహారం. మీరు ముందుకొస్తేనే ప్రకటిస్తారు గానీ, ప్రకటించాక ఆ భూమి వాడకం మార్చాలంటే ఆ రిజర్వు కమిటీ తీర్మానంతో పాటు రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం కూడా కావాలి. ఏది దేనికో తేల్చుకుని గ్రామసభలో మాట్లాడుకోండి.

భయపడేవాళ్లను నేను తప్పుపట్టను. రాజస్థాన్‌లో ఓరణ్‌లను (అక్కడి దేవుడి వనాలను) అడవి కింద లెక్కగడతారన్నప్పుడు అక్కడి పశువుల కాపరులకు మేత గురించి ఇదే టెన్షన్ పట్టుకుంది. 2024 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు ఆ వనాలన్నిటినీ సర్వే చేసి మ్యాపుల్లోకి ఎక్కించమంది. తరతరాలుగా కాపాడుతున్న వాళ్లకే అటవీ హక్కుల చట్టం కింద సంరక్షణ బాధ్యత ఇవ్వాలని కూడా అదే తీర్పులో సూచించింది. మొదటి సగం మాత్రం వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది, రెండో సగాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

రాయించకపోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. తొమ్మిదేళ్ల కిందట ఒక ఊళ్లో నాలుగెకరాల తోపు. జువ్వి, చింత, ముసలి పాలచెట్లు, కింద కలివి పొదలు. పెద్దలు రాయించం అన్నారు. ఎండకు నాకూ విసుగొచ్చి, గట్టిగా చెప్పకుండానే సంచి సర్దుకుని బస్సెక్కేశాను. రెండేళ్లకు ఫోన్ వచ్చింది, తోపులో జేసీబీ దిగిందని. నేను వెళ్లేసరికి సగం చెట్లు నేలమీద ఉన్నాయి. పడిపోయిన జువ్వి కొమ్మకు ఎవరో కట్టిన ముడుపు, పసుపు గుడ్డ, అట్లాగే ఉంది. ఆఫీసుకు వెళితే "ఇక్కడ వనం ఉన్నట్టు కాగితం చూపించండి" అన్నారు. అడంగల్‌లో, అంటే ఊరి భూముల రికార్డులో, ఆ సర్వే నంబరుకు ఎదురుగా ఉన్న మాట బంజరు, అంటే ఖాళీ సర్కారు భూమి. ఊరి పెద్దాయన మాత్రం "ఊరందరికీ తెలుసు గదయ్యా" అని అడిగినవాడికీ అడగనివాడికీ చెబుతూనే ఉన్నాడు. ఆ రోజు నేను ఇంకో గంట కూర్చుని ఉండాల్సింది.

కాబట్టి ముందు మీ తోపు సర్వే నంబరు పట్టుకుని అడంగల్, ఆర్‌ఎస్‌ఆర్ (పాత సెటిల్‌మెంటు రిజిస్టరు) తీయించండి. తోపు పోరంబోకు, అంటే తోపు కోసం వదిలిన సర్కారు భూమి, అని ఉంటే కొంత నయం. బంజరు అని ఉంటే ఆలస్యం చేయకండి. 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందో లేదో చూడండి. రీసర్వే వాళ్లు వచ్చిన రోజు కూలి పోయినా సరే, ఇద్దరు హద్దు రాళ్ల దగ్గర నిలబడండి. వనం పేరు, హద్దులు, జాతర జరిగే నెల, అక్కడ పాటించే కట్టుబాట్లు రాసి గ్రామసభలో తీర్మానం చేయించి, మినిట్స్ నకలు దగ్గర పెట్టుకోండి. పీబీఆర్ పట్టా కాదు, నిజమే. కానీ కాగితం అడిగినవాడి ముందు పెట్టడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఏజెన్సీ గ్రామాలైతే అటవీ హక్కుల చట్టం 3(1)(ఐ) కింద సామూహిక అటవీ వనరుల హక్కుకు దరఖాస్తు పెట్టండి, అది ఇంకా గట్టిది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"మందుమొక్కల గుట్టు చెబితే కంపెనీలు ఎత్తుకుపోతాయి." చెప్పకూడదనుకున్నది చెప్పకండి. చెట్టు పేరు రాయించి, వైద్యం మీ దగ్గరే ఉంచుకోవచ్చు.

"తేలినీలాపురం కొంగలు సైబీరియా నుంచి వస్తాయి." శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో గూళ్లు పెట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మన దేశం పక్షులే. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని ఆ ఊరివాళ్లు అనేదే నిజానికి దగ్గర.

"ముళ్లపొదలు కొట్టేసి శుభ్రం చేస్తే వనం బాగుపడుతుంది." ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ దొరికింది కడప జిల్లా ముళ్లపొదల్లోనే. దాని పేరులోనే కలివి ముళ్లపొద ఉంది.

"చెట్టు కింద ఉంటే అమ్మవారికి చిన్నతనం, మండపం కట్టాలి." కట్టుకోండి, తోపు బయట. సిమెంటు గచ్చు చేస్తే రాలిన పాలపండు విత్తనం ఎక్కడ మొలవాలి?

ఆ పెద్దావిడకు ఇదంతా చెప్పడానికి పొద్దువాలింది. రాసినవన్నీ మనవడి చేత పైకి చదివించుకుంది. విని, "ఊడుగ చెట్టు రాయలేదే" అంది.