"అన్నా, ర్యామ్ పెంచెయ్": ల్యాప్‌టాప్ మెమరీపై అపోహలు - వాస్తవాలు

నా రిపేరు బల్ల దగ్గర, ల్యాప్‌టాప్ బ్యాగులోంచి బయటికి రాకముందే చాలామంది అనే మాట: "అన్నా, స్లో అయిపోయింది, ర్యామ్ పెంచెయ్." జ్వరమనగానే సెలైన్ ఎక్కించమని అడిగినట్టే ఉంటుంది నాకు. ర్యామ్ అమ్మితే నాకూ నాలుగు డబ్బులు మిగులుతాయి. కానీ 2025 చివరి నుంచి ధరలు పెరిగిన తీరు చూశాక, అవసరం లేనివాళ్లకు అంటగట్టడానికి మనసొప్పడం లేదు. చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకు తరలిపోతుంటే, మన ల్యాప్‌టాప్‌లో వేసే మామూలు ర్యామ్ కూడా ప్రియమైపోయింది.

అపోహ: "80 శాతం వాడేస్తోంది, అంటే ర్యామ్ చాలట్లేదు"

ర్యామ్ అంటే నడుస్తున్న ప్రోగ్రాములు పని చేసుకునే తాత్కాలిక చోటు. అది ఉన్నది వాడటానికే. వంట జరుగుతున్నప్పుడు గట్టు నిండా గిన్నెలుంటే తప్పేముంది? చోటు చాలక, ప్రతి గిన్నెకూ నిచ్చెన వేసుకుని అటక ఎక్కాల్సి వస్తేనే ఇబ్బంది. ఆ అటక మీ హార్డ్ డిస్క్. ర్యామ్‌లో పట్టని సరుకును విండోస్ అక్కడే, పేజ్ ఫైల్ అనే చోట పడేస్తుంది.

పైగా 2007లో విస్టా వచ్చినప్పటి నుంచి, మీరు తరచూ తెరిచే ప్రోగ్రాములను విండోస్ ముందే ఖాళీ ర్యామ్‌లోకి తెచ్చి పెట్టుకుంటుంది. ఏ ప్రోగ్రాము ఎంత వాడుతోందో చూపే విండోస్ టాస్క్ మేనేజర్లో అది "క్యాష్డ్" అని కనిపిస్తుంది. వేరేదానికి చోటు కావాలంటే వెంటనే వదిలేస్తుంది కాబట్టి, దాన్ని ఖర్చయిపోయిన ర్యామ్ కింద లెక్కేయకూడదు. ఇక ప్రోగ్రాముల సంగతి: చోటుంటే కాళ్లు చాపుకుని కూర్చుంటాయి. 8 జీబీలో 4 వాడిన మెషినే, 16 వేశాక 6 చూపిస్తుంది. "కొత్త ర్యామ్‌నీ తినేస్తోందన్నా" అని ఫోన్ చేసేవాళ్లున్నారు.

కాబట్టి శాతం వదిలేయండి. మీరు రోజూ తెరిచేవన్నీ తెరవండి. సరిగ్గా నత్తనడక మొదలైనప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద క్లిక్ చేయండి. "అవైలబుల్" ఎంతుందో చూడండి. 2 జీబీ అలా ఉంటే ర్యామ్‌ది తప్పు కాదు. తర్వాత "కమిటెడ్" అని రెండంకెలు ఉంటాయి. మొదటిది ఇంత చోటిస్తానని ప్రోగ్రాములకు విండోస్ ఇచ్చిన మాట, రెండోది ర్యామూ పేజ్ ఫైలూ కలిపి అది ఇవ్వగలిగినంత. మొదటి అంకె మీ ర్యామ్‌ను బాగా దాటిపోయి, అవైలబుల్ కొన్ని వందల ఎంబీలకు పడిపోయి, విండో మార్చిన ప్రతిసారీ డిస్క్ గ్రాఫ్ పైకి లేస్తుంటే, అప్పుడు రండి. ర్యామ్ వేయాల్సిందే. మ్యాక్ వాళ్లకు ఇంత తంటా లేదు: యాక్టివిటీ మానిటర్లో మెమరీ ప్రెషర్ గ్రాఫ్ పచ్చగా ఉన్నంతసేపు టెన్షన్ లేదు, ఎర్రబడితేనే ఆలోచించాలి.

అపోహ: "స్లో అయిందంటే ర్యామే కారణం"

నా బల్ల మీదికొచ్చే పాత ల్యాప్‌టాప్‌లలో ఎక్కువసార్లు దొరికే దొంగ హార్డ్ డిస్క్. ఆ మధ్య ఒకాయన అకౌంట్లు రాసుకునే ల్యాప్‌టాప్ తెచ్చారు. వేరేచోట 8 జీబీని 16 చేయించుకున్నా, ట్యాలీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చట. చూస్తే ర్యామ్ 10 జీబీ దాకా ఖాళీగానే ఉంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర కొట్టుకుంటోంది. లోపల నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్. అందులో ఒక ముక్క వెతకడానికి పది మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ఎస్ఎస్‌డీలో, అంటే తిరిగే భాగాలు లేని చిప్పుల డిస్క్‌లో, అదే పని అందులో వందో వంతు టైంలో అయిపోతుంది. ఎస్ఎస్‌డీ వేసి, విండోస్ కొత్తగా ఎక్కించి ఇచ్చాను. ఆ ర్యామ్ డబ్బులు ముందే ఇక్కడ పెట్టుంటే సరిపోయేది.

ఎస్ఎస్‌డీ ఉండి కూడా ఈడుస్తుంటే వేడి చూడండి. ఫ్యాన్లో దుమ్ము పేరుకుని ప్రాసెసర్ కాలిపోతుంటే అదే తన వేగం తగ్గించుకుంటుంది. దానికి ర్యామ్ ఏం చేస్తుంది?

అపోహ: "మెమరీ ఫుల్ అని ఫొటోలన్నీ తీసేశాను"

ఫొటోలుండేది స్టోరేజీలో. 512 జీబీ అని రాసేది అదీ, ర్యామ్ కాదు. కాకపోతే సీ డ్రైవ్ మరీ అంచులదాకా నిండితే పేజ్ ఫైల్ పెరగడానికి చోటుండదు, కొంచెం ఖాళీ ఉంచండి.

అపోహ: "ర్యామ్ క్లీనర్ వేస్తే ఫ్రీ అవుతుంది"

అవుతుంది, అంకెల్లో. నడుస్తున్న ప్రోగ్రాముల సరుకును బలవంతంగా బయటికి నెట్టి "3 జీబీ విడిపించాం" అని పచ్చ టిక్కు చూపిస్తుంది. మీరు మళ్లీ ఆ విండో తెరవగానే అదంతా వెనక్కి రావాలి. ఆ రాకపోకల్లోనే మెషిన్ ఇంకా నెమ్మదిస్తుంది. పైగా ఆ క్లీనర్ కూడా ర్యామ్‌లోనే కూర్చుంటుంది!

క్రోమ్ బ్రౌజర్ ర్యామ్ తినేస్తుందన్న నింద కూడా సగమే నిజం. 2018లో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే భద్రతా లోపం బయటపడ్డాక, ఒక సైటు సమాచారం ఇంకో సైటుకు చిక్కకుండా వేర్వేరు ప్రాసెస్‌లలో నడపడం మొదలుపెట్టింది. మీ బ్యాంకు పేజీ క్షేమం కోసం కట్టే అద్దె అనుకోండి. క్రోమ్‌లో ఉండగా షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాము) ఎంత తింటోందో విడివిడిగా చూపిస్తుంది. ఎప్పుడో వేసుకుని మరిచిపోయిన ఎక్స్‌టెన్షన్లే చాలాసార్లు పట్టుబడతాయి.

అపోహ: "ఎంత ఎక్కువైతే అంత స్పీడు"

చాలనప్పుడు వేస్తే తేడా నేలకూ నింగికీ. చాలినప్పుడు వేస్తే ఏమీ తెలియదు. విండోస్ 11కు కనీసం 4 జీబీ అని కంపెనీ చెప్తుంది, ఆ మాట నమ్మి కొనకండి. బ్రౌజింగ్, ట్యాలీ, ఆన్‌లైన్ క్లాసులకు 8 నెట్టుకొస్తుంది. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకునే పిల్లలకు మాత్రం 16 తప్పదంటాను. డాకర్ (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో నడిపే సాధనం) కోసం డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్‌లోనే లినక్స్ నడిపేది) వేసుకుంటే, హద్దు పెట్టకపోతే అది సగం ర్యామ్ దాకా తీసుకోగలదు. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెర మీద నడిచే ఉత్తుత్తి ఫోన్) తెరిస్తే 8 జీబీ మెషిన్ గతి చెప్పక్కర్లేదు. 32 అనేది వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు, రెండు మూడు వర్చువల్ మెషిన్లు (కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్లు) నడిపేవాళ్లకు.

అపోహ: "ఏ ర్యామైనా ఏ ల్యాప్‌టాప్‌కైనా పడుతుంది"

పడదు. ల్యాప్‌టాప్ ర్యామ్‌లో డీడీఆర్ అనే తరాలున్నాయి: డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. గాటు ఉండే చోటు కూడా వేరు. ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టేముందు టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో "ఫారమ్ ఫ్యాక్టర్" చూడండి. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ర్యామ్ బోర్డుకే సోల్డరింగ్ చేసేశారన్నమాట. అదనంగా స్లాట్ ఉందో లేదో మోడల్ నంబరుతో చూసుకున్నాకే డబ్బు కట్టండి. సన్నటి మోడళ్లలో చాలావాటికి ఉండదు. ఇప్పటి మ్యాక్‌బుక్‌లకు అసలే లేదు, కొనేరోజు తీసుకున్నదే చివరిదాకా. స్లాట్లు రెండుంటే రెండింట్లోనూ ఒకే సైజు, ఒకే స్పీడు వేయడం మేలు. వేర్వేరు స్పీడువి వేస్తే మామూలుగా రెండూ తక్కువదాని వేగంతోనే నడుస్తాయి. గ్రాఫిక్స్ కార్డు విడిగా లేని ల్యాప్‌టాప్‌లో రెండు స్టిక్కులుంటే గేములు ఆడేవాళ్లకు తేడా బాగానే తెలుస్తుంది.

చివరగా, బీప్ బీప్ మంటూ స్క్రీన్ రాకపోతే "ర్యామ్ కాలిపోయింది" అని కొత్తది కొనేస్తుంటారు. చాలాసార్లు ర్యామ్ కాలదు, కాంటాక్టుల మీద మకిలి పడుతుంది. బ్యాటరీ కనెక్షన్ తీసి, స్టిక్ ఊడదీసి, ఆ బంగారు రంగు గీతల మీద రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, గట్టిగా కూర్చోబెడతాం. చాలావరకు స్క్రీన్ వచ్చేస్తుంది. నేను వాడే రబ్బరు మా పాప పెన్సిల్ బాక్సులోంచి తెచ్చిందే. అది ఎప్పుడు తిరిగిస్తావని ఇప్పటికీ అడుగుతుంటుంది.