వార్డులోని నాలుగు రంగుల డబ్బాలు

హన్మకొండ

చిరంజీవులైన పిల్లలకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న తాతను చూడడానికి ఆసుపత్రికి వచ్చినప్పుడు, వార్డు మూలన ఉన్న నాలుగు రంగుల డబ్బాలు ఎందుకని మీరు అడిగారు. ముప్పై ఏండ్లు నర్సుగా వాటి దగ్గరే పనిచేసినదాన్ని కనుక ఆ సంగతి వివరంగా రాస్తున్నాను.

2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి, వాడిన సెలైన్ గొట్టాలు, చేతి తొడుగులు ఎర్ర సంచిలోకి, సూదులు, బ్లేడ్లు గట్టి తెల్ల డబ్బాలోకి, మందుల గాజుసీసాలు నీలం డబ్బాలోకి చేరాలి. పసుపు సంచిలోనివి ఎక్కువగా కాల్చివేయడానికి పోతాయి. ఎర్ర సంచిలోని ప్లాస్టిక్‌ను మాత్రం కాల్చరు. పెద్ద ప్రెషర్ కుక్కర్ వంటి ఆటోక్లేవ్‌లో ఆవిరి పట్టి, క్రిములు చచ్చాక ముక్కలు చేసి, మళ్లీ వాడకానికి పంపుతారు. అదే గొట్టాన్ని మనం పొరపాటున పసుపు సంచిలో వేశామనుకోండి. పీవీసీ ప్లాస్టిక్‌లో క్లోరిన్ ఉంటుంది కనుక, అది సరిగా కాలకపోతే డయాక్సిన్లనే విషాలు పుట్టి, గాలిలో కలిసి గడ్డి మీద వాలి, ఆ గడ్డి మేసిన బర్రె పాలలోకి, ఆ పాలు తాగిన మన ఒంట్లోకి చేరుతాయి.

ఆసుపత్రి చెత్తలో నూటికి 85 వంతుల దాకా కాగితాలు, పండ్ల తొక్కల వంటి మామూలు చెత్తే. దానిలో రక్తం అంటిన దూది కలిస్తే మొత్తాన్నీ ప్రమాదకరమైనదిగానే చూడవలసి వస్తుంది, కాల్చవలసిన బరువు పెరుగుతుంది. అందుకే యంత్రాల కన్నా, పారేసే ఆ ఒక్క క్షణంలో చేయి ఎటు పోతుందన్నదే ముఖ్యమని నేను నమ్ముతాను.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆసుపత్రిలో, బ్రెడ్డు కవర్ల మధ్య ఎవరో పడేసిన సూది ఊడ్చే అమ్మ అరచేతిలో దిగింది. ఆమె నెలల తరబడి రక్తపరీక్షలు చేయించుకుంటూ, ప్రతిసారీ ఫలితం వచ్చేదాకా అన్నం సహించక కూర్చునేది. ఆ సూది వేసిందెవరో చివరికీ తెలియలేదు.

తాతకు రోజూ ఇచ్చే ఇన్సులిన్ సూదులను ఇంటి చెత్తబుట్టలో వేయకండి. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, పైన ‘సూదులు’ అని రాసి, చిన్నోడికి అందకుండా అటక మీద పెట్టండి. ముక్కాలు వంతు నిండగానే కబురు పెడితే నేనే వచ్చి తీసుకెళ్లి, ఆసుపత్రి తెల్ల డబ్బాకు చేరుస్తాను.

మీ పెద్దమ్మ