పూత రాకముందే గెలవాల్సిన పోరు

నడివేసవిలో ఒక బెండాకు తెంపి, తెల్లకాగితం మీద పట్టుకుని వేలితో రెండుసార్లు తట్టండి. రాలిన దుమ్ములో కొన్ని నలుసులు కాసేపటికి నడవడం మొదలుపెడితే అవి నల్లులే, మంచాల్లో దూరేవి కావు, ఆకు రసం పీల్చేవి. పెద్దది కూడా అర మిల్లీమీటరు మించదు. భూతద్దం కింద పెడితే ఎనిమిది కాళ్లు, వెన్నుకు అటొకటి ఇటొకటి నల్లటి మచ్చలు కనిపిస్తాయి. ఆ మచ్చలు చర్మం మీద ఉన్నవి కావు. ఒళ్లంతా అద్దంలా పలచన కాబట్టి, కడుపులో అరుగుతున్న ఆకు రసం బయటికి అలా కనబడుతోంది.

మన రైతులు ఎర్రనల్లి అనే జాతుల్లో ఇది ఒకటి. శాస్త్రజ్ఞులు దీన్ని టెట్రానికస్ అర్టికే అంటారు, వాడుకలో రెండు చుక్కల నల్లి. అచ్చంగా చెప్పాలంటే ఇది పురుగు కాదు, సాలీడుకూ తేలుకూ చుట్టం. సాలీడులాగే దారం తీస్తుంది, ఆ దారంతోనే ఆకు అడుగున బూజు కడుతుంది. వెయ్యికి పైగా మొక్కల జాతుల మీద బతకగలదు. వంగ, బెండ, చిక్కుడు, గులాబీ, పాలీహౌస్ దోస, ఏదైనా దానికి అన్నమే.

ఈ నల్లికి ఎదురు నిలవడంలో అన్నిటికంటే కఠినమైన పరీక్ష ఎదుర్కొంటున్నది మాత్రం గంజాయి సాగుదారులు. మన దేశంలో అనుమతి లేని గంజాయి సాగు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. నేను చెబుతున్నది కెనడా సంగతి. అక్కడ వైద్య అవసరాలకు ముందే అనుమతి ఉండేది, 2018 అక్టోబర్ 17 నుంచి పెద్దలందరికీ గంజాయి చట్టబద్ధమైంది. ఆంటారియో రాష్ట్రంలోని లెమింగ్టన్ చుట్టూ ఎకరాలకు ఎకరాలు అద్దాల కప్పుల కింద టమాటా, దోస, క్యాప్సికం పండే ప్రాంతం. అక్కడి గ్రీన్‌హౌస్‌లలోకి గంజాయి వచ్చింది. పశ్చిమ తీరాన డెల్టా అనే ఊళ్లో ఒక పెద్ద టమాటా గ్రీన్‌హౌస్‌నే గంజాయికి మార్చారు. మొక్క మారింది కానీ నల్లి మారలేదు. దాన్ని ఎదుర్కొనే దారులు మాత్రం చాలావరకు మూసుకుపోయాయి.

ఎందుకో తెలియాలంటే ముందు నల్లి బతికే తీరు చూడాలి. సూదిలాంటి నోటిని ఆకులోకి గుచ్చి, ఒక్కో కణాన్ని ఖాళీ చేసి పక్క కణానికి పోతుంది. నిమిషానికి ఇరవై కణాల దాకా తాగేస్తుంది. పత్రహరితం పోయిన చోట సూదిమొనంత తెల్ల చుక్క మిగులుతుంది. ఆకు పైభాగాన ఉప్పు చల్లినట్టు చుక్కలు కనిపించాయంటే కింద కాపురం పెట్టి చాలా రోజులైందని అర్థం. వాతావరణం 30 డిగ్రీల దగ్గర ఉంటే గుడ్డు పొదిగి, పిల్ల ఎదిగి, మళ్లీ గుడ్డు పెట్టడానికి వారం పది రోజులు చాలు. ఒక ఆడ నల్లి జీవితకాలంలో వంద గుడ్ల దాకా పెడుతుంది. మూడు రోజులకోసారి సంఖ్య రెట్టింపు అవుతుందని లెక్క వేసుకోండి. ఇవాళ కంటికి ఆనని పది నల్లులు నెల తిరిగేసరికి పది వేలు దాటుతాయి. మొదటి మూడు వారాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, నాలుగో వారంలో తోట మొత్తం ఒక్కసారిగా పాడైనట్టు అనిపిస్తుంది.

దీని సంతానం తీరు ఇంకా విచిత్రం. తేనెటీగల్లో లాగే, మగదానితో కలవకుండా పెట్టిన గుడ్డు నుంచి మగది పుడుతుంది, కలిసి పెట్టిన గుడ్డు నుంచి ఆడది. అంటే జతకూడని ఒకే ఒక్క ఆడ నల్లి గాలికి కొట్టుకొచ్చినా చాలు. ముందు కొడుకుల్ని కంటుంది, పెరిగిన కొడుకుతో కలుస్తుంది, ఆ తర్వాత కూతుళ్లు. మందుకు లొంగని గుణం త్వరగా పాకడానికి కూడా ఇదే సాయం చేస్తుంది. మగ నల్లికి ప్రతి జన్యువూ ఒక్క ప్రతే ఉంటుంది కాబట్టి, మందును తట్టుకునే మార్పు ఏదైనా వస్తే అది మరో ప్రతి చాటున దాగదు. మందు కొట్టిన వెంటనే ఆ మగది బతుకుతుంది, మిగతావి చస్తాయి. ఇప్పటిదాకా 90కి పైగా మందులకు ఈ జాతి ఎక్కడో ఒకచోట ఎదురు నిలిచింది. 2011లో దీని జన్యుపటం బయటపడినప్పుడు, విషాలను విరిచేసే జన్యువులు అందులో గుంపులు గుంపులుగా కనిపించాయి. కొన్ని తనవి కూడా కావు, బాక్టీరియా నుంచి, శిలీంధ్రాల నుంచి ఏనాడో వచ్చి చేరినవి. శిలీంధ్రం ఇచ్చిన జన్యువు సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

గంజాయి దగ్గర మందుతో వచ్చే చిక్కు వేరు. టమాటాను కడుక్కుంటాం, వంకాయను ఉడికిస్తాం. గంజాయిలో అమ్మేది పువ్వునే. దాన్ని కడగరు, ఎండబెట్టి కాల్చి పొగ పీలుస్తారు. నోటి ద్వారా పోయిన విషాన్ని కాలేయం కొంతైనా విరుస్తుంది, పొగలో పోయినది ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి చేరుతుంది. పువ్వు మీది మందు అవశేషాల్లో ఎంత భాగం పొగలోకి వస్తుందో 2013లో కొలిచి చూశారు. పీల్చే సాధనాన్ని బట్టి దాదాపు 70 శాతం దాకా వచ్చింది. కెనడాలో 2016 చివర, 2017 మొదట్లో కొన్ని సంస్థల వైద్య గంజాయిలో మైక్లోబ్యుటానిల్ దొరికి సరుకు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అది బూడిద తెగులు మందు. ద్రాక్ష మీద వాడేదే, కానీ కాలిస్తే అందులోంచి హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. అంతకుముందు 2015లో అమెరికాలోని డెన్వర్‌లో నల్లికి కొట్టే అబామెక్టిన్ లాంటి మందులు దొరికి సరుకును అడ్డుకున్నారు. ఆ నవంబర్‌లో కొలరాడో గవర్నర్ అలాంటి సరుకును ప్రజాభద్రతకు ముప్పుగా ప్రకటించారు. 2019 జనవరి నుంచి కెనడాలో 96 రకాల మందుల అవశేషాలకు పరీక్ష తప్పనిసరి చేశారు. నా దృష్టిలో ఇది చాలా సరైన నిర్ణయం. రోగం తగ్గాలని పీల్చేవాడి ఊపిరిలోకి ఏం పోతోందో తెలియకపోవడం కంటే ఘోరం లేదు.

ఇక సాగుదారు చేతిలో మిగిలినవి సబ్బు ద్రావణాలు, కొన్ని నూనెలు, కొన్ని సూక్ష్మజీవులు. సబ్బు, నూనె తగిలిన నల్లి చస్తుంది, తగలనిది బతుకుతుంది. గుబురుగా పెరిగిన మొక్కలో ప్రతి ఆకు అడుగునా తడపడం అయ్యే పని కాదు. పూత వచ్చాక పువ్వు మీద నూనె కొడితే సరుకే పాడవుతుంది. అందుకే అక్కడి గ్రీన్‌హౌస్‌లు నల్లిని తినే నల్లిని పిలిచాయి.

దాని పేరు ఫైటోసియులస్ పెర్సిమిలిస్. 1950ల చివర్లో చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కల మీద, ఎవరూ పిలవకుండానే యూరప్ చేరింది. నెదర్లాండ్స్‌లో యాన్ కాపర్ట్ అనే దోస రైతు పురుగుమందులు తన ఒంటికి పడక, నల్లికి ఆ మందులు పనిచేయక, దీన్ని తన తోటలో వదిలి చూశాడు. ఫలితం చూసి 1967లో దాన్నే పెంచి అమ్మడం మొదలుపెట్టాడు. గ్రీన్‌హౌస్‌లలో మిత్రపురుగుల వ్యాపారం ఇంతలా పెరగడానికి అదొక ముఖ్యమైన మలుపు.

ఇప్పుడు అది చిన్న సీసాలో, వర్మిక్యులైట్ అనే తేలికైన ఖనిజం పలుకులతో కలిసి, చల్లని పెట్టెలో వస్తుంది. సీసాను నెమ్మదిగా అటూ ఇటూ దొర్లించి, నల్లి ఉన్న ఆకుల మీద కూరలో ఉప్పు చల్లినట్టు చల్లుతారు. భూతద్దంతో ఓపికగా చూస్తే, మెరిసే నారింజరంగు నీటిచుక్కలాంటిది పొడుగు కాళ్లతో పరుగులు తీస్తుంటుంది. పక్కన నల్లి పాకుతున్నట్టే ఉంటుంది, ఇది ఉరుకుతుంది. కళ్లు లేవు. ముందు కాళ్లతో తడుముతూ, వాసన పట్టుకుంటూ పోతుంది. గుడ్డు తగిలితే ఆగి, దాన్ని పీల్చి, ఒట్టి తోలు వదిలి మళ్లీ కదులుతుంది. రోజుకు ఇరవై గుడ్ల దాకా తినగలదు. ఆ వాసన ఎవరిదో 1980ల్లో నెదర్లాండ్స్ పరిశోధకులు తేల్చారు. నల్లి కొరికిన చిక్కుడు మొక్క తన ఆకుల నుంచి ప్రత్యేకమైన వాసనలు వదులుతుంది, పెర్సిమిలిస్ వాటినే పట్టుకుని వస్తుంది. మొక్క కేక వేసి పిలిచిందనాలి. నాకు ఈ ఒక్క సంగతి తలుచుకుంటే ఆకు మీద గౌరవం పెరుగుతుంది.

అయితే ఈ మిత్రుడికి తేమ కావాలి. గాలిలో తేమ 60 శాతం కంటే తగ్గితే దాని గుడ్లు ఎండిపోతాయి. వేడి 30 డిగ్రీలు దాటితే అది వెనకబడుతుంది, నల్లి ముందుకు పోతుంది. గంజాయి పూతకు వచ్చాక సాగుదారుకు తేమ తగ్గించక తప్పదు. లేకపోతే బిగువుగా అల్లుకున్న పువ్వు లోపల బూడిదరంగు బూజు తెగులు పట్టి నడిమధ్య నుంచి కుళ్లిపోతుంది. అంటే ఆ తెగులును ఆపే పొడిగాలే నల్లికి సుఖం, నల్లిని తినేదానికి కష్టం. పైగా పువ్వు చుట్టూ ఆకుల మీద జిగురు నూగు దట్టంగా ఉంటుంది. సీసాలోంచి వచ్చినది ఆ జిగురులో నడవలేక అవస్థ పడుతుంది.

కాబట్టి పోరాటమంతా పూత రాకముందే పూర్తవ్వాలి. అనుభవం ఉన్నవాళ్లు తల్లి మొక్కల గదితో మొదలుపెడతారు. కొమ్మ ముక్కలు కోసి నాటేది వాటి నుంచే. అక్కడ ఒక్క నల్లి ఉన్నా, ఆ గది నుంచి బయటికి పోయే ప్రతి ట్రేతోనూ నల్లి పోతుంది. పనివాళ్లు ఉదయం ముందుగా శుభ్రమైన గదుల్లో పని చేసి, నల్లి ఉన్న చోటికి చివర్లో వెళతారు. అది చొక్కా చేతుల మీద, జుట్టులో ఎక్కి ప్రయాణిస్తుంది కాబట్టి. వారం వారం తలుపుల దగ్గర, వేడి గొట్టాల దగ్గర, పొడిగా ఉండే మూలల్లో ఆకులు తిప్పి చూస్తారు. పసుపు జిగురు అట్టలు ఇక్కడ పనికిరావు, నల్లికి రెక్కలు లేవు కదా. నల్లి కనిపించక ముందే, ఆకలికీ పొడిగాలికీ ఓర్చుకునే నియోసియులస్ కాలిఫోర్నికస్ అనే మరో జాతిని చిన్న పొట్లాలలో మొక్కకొకటి వేలాడదీస్తారు. నల్లి లేనప్పుడు పుప్పొడి తిని అయినా కాలం గడుపుతుంది. పెర్సిమిలిస్‌ను మాత్రం నల్లి గుంపు కనిపించిన చోటనే వదులుతారు. తినడానికి నల్లి లేకపోతే అది ఆకలితో చస్తుంది. మన పొలాల్లో కూడా నియోసియులస్ లాంగిస్పైనోసస్ అనే బంధువు ఇదే పని జీతం లేకుండా చేస్తోంది. విచ్చలవిడిగా మందు కొట్టినప్పుడు అక్షింతల పురుగుతో పాటు అదీ చస్తుంది, ఎర్రనల్లి మిగులుతుంది.

పువ్వు కొసన బూజు దారాలు కట్టి, వాటి మీద వేలకొద్దీ నల్లులు గుంపుగా చేరాయంటే సమయం మించిపోయినట్టే. తిండి అయిపోయి, గాలికి ఎగిరిపోవడానికి అవి కొసకు చేరాయి. ఆ మొక్కను అక్కడే సంచిలో మూసి తీసెయ్యాలి. తోట మధ్య నుంచి మోసుకెళ్తే దారి పొడవునా విత్తినట్టే.

పంట కోశాక కూడా నల్లి కథ ఆగదు. గంజాయి పూతకు రావాలంటే చాలా రకాలకు రోజుకు 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటి ఇస్తారు. శరదృతువు వచ్చిందని మొక్కను నమ్మించే పద్ధతి అది. నల్లి కూడా అదే నమ్ముతుంది. పొడుగు రాత్రులకు చల్లదనం తోడైతే, అప్పుడు పెరిగే ఆడ నల్లులు గుడ్లు పెట్టవు, తినవు. ఒళ్లు ముదురు నారింజ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు తయారు చేసేది శిలీంధ్రం నుంచి వచ్చిన జన్యువే. 2017లో పరిశోధకులు చూస్తే, ఆ జన్యువు చెడిన నల్లులు తెల్లబడి, శీతనిద్రలోకి వెళ్లలేకపోయాయి. అది చెడని నల్లులు ఆకు దిగి, బల్లల సందుల్లో, స్తంభాల పగుళ్లలో, నేల గుడ్డ అంచుల కింద దూరి కదలకుండా ఉంటాయి. సబ్బు అక్కడికి చేరదు, పెర్సిమిలిస్ దూరదు. తోట ఊడ్చి, కడిగి, కొత్త కొమ్మ ముక్కలు నాటి, దీపాలు 18 గంటలకు పెంచుతారు. రోజులు పొడుగయ్యాయి, వెచ్చబడింది. పగుళ్లలోంచి నారింజ నలుసులు ఒక్కొక్కటే బయటికి నడుస్తాయి.