పటం కట్టే దుకాణమూ, ఆర్ట్ గ్యాలరీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో పటాలు కట్టే దుకాణం నడుపుతూ, ముందు గదిలో చిత్రాలు అమ్మకానికి ఉంచే నాకు తరచూ ఎదురయ్యే మాటలివి.

అపోహ: ఆధునిక చిత్రాల గ్యాలరీలు కలవారు సరదాకు తెరిచినవి.

వాస్తవం: వాటిలో పేరున్నవి కొన్ని నా దుకాణం లాంటి చోట్లే పుట్టాయి. పారిస్‌లో మోనే, పిస్సారోల చిత్రాల వైపు కొనుగోలుదారులు పెద్దగా చూడని రోజుల్లో వాటిని కొన్న పాల్ డ్యూరాన్-రుయెల్ తల్లిదండ్రులది కాగితాలు, రంగులు అమ్మే అంగడి. ఢిల్లీలో 1936 నాటి ధూమిమల్ గ్యాలరీకి మూలం స్టేషనరీ వ్యాపారం. ముంబైలో కేకూ గాంధీ 1941లో పెట్టింది ఫ్రేముల కంపెనీ. ఆ షోరూములో హుసేన్, ఆరా వంటి యువకుల చిత్రాలను వేలాడదీస్తూ వచ్చి, 1963లో జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ మొదటి అంతస్తులో గ్యాలరీ కెమోల్డ్ తెరిచారు. ఖాళీ ఫ్రేము గోడకు ఎంత బోసిగా ఉంటుందో మా వృత్తివాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

అపోహ: గ్యాలరీ కూర్చుని కమిషన్ తింటుంది.

వాస్తవం: కమిషన్ పెద్దదే, ధరలో మూడోవంతు నుంచి సగం దాకా ఉండటం మామూలు. అయితే అమ్ముడుపోని ఏళ్ల భారమూ గ్యాలరీ మీదే పడుతుంది. చిత్రకారులకు ముందుగా డబ్బిచ్చి పోషించిన డ్యూరాన్-రుయెల్ దివాలా అంచుదాకా వెళ్లి, 1886లో దాదాపు 300 చిత్రాలను న్యూయార్క్ తీసుకెళ్లాక గానీ తేరుకోవడం మొదలుకాలేదు.

అపోహ: చిత్రం కొన్నాం కనుక క్యాలెండర్ మీద అచ్చు వేసుకోవచ్చు.

వాస్తవం: వేసుకోకూడదు. రాతపూర్వకంగా రాయించుకోనిదే కాపీరైటు చిత్రకారుడిదే. డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న చిత్రం సంగతి వేరు.

అపోహ: సంతకం ఉంటే అసలు చిత్రమే.

వాస్తవం: ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారి శైలిని అనుకరించిన బొమ్మలు, కింద సంతకంతో సహా, పటం కట్టించుకోవడానికి నా దగ్గరకు చాలానే వస్తాయి. నేను ముందు చూసేది వెనకవైపు: పాత మేకులు, చెక్క చట్రం రంగు, గ్యాలరీ అంటించిన చీటీ, దానిమీది నంబరు. ఆ నంబరు గ్యాలరీ పాత రిజిస్టరుతో సరిపోలితే చిత్రం ఏ ఏట ఎవరి చేతికి వెళ్లిందో తెలుస్తుంది. ఒకసారి పాత ఫ్రేము విప్పుతూ, చెదలు పట్టిన వెనక అట్టతోపాటు దానిమీది చీటీని కూడా నేనే చెత్తబుట్టలో వేశాను. యజమాని ఏమీ అనలేదు గానీ, ఆ చిత్రాన్ని తరువాత అమ్మబోతే ఆ చీటీనే అడిగారట. ఇప్పుడు మేకు పీకడానికి ముందే వెనకవైపు ఫోటో తీస్తున్నాను, ఊడిన చీటీని కవరులో పెట్టి కొత్త అట్టకు అంటిస్తున్నాను.