పన్నెండు హెక్టార్ల నుంచి పశ్చిమ కనుమల దాకా

ప్రియమైన పిల్లలూ,

"అడవిలో చెట్లన్నీ లెక్కపెట్టకుండానే ఎన్ని రకాలున్నాయో ఎలా చెబుతారు తాతయ్యా?" అని మొన్న అడిగారు. అది ఫోనులో తేలే మాట కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక పాచిక సంగతి చెబుతాను. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్న మామూలు పాచికను వేలసార్లు వేస్తే సగటు 3.5 దగ్గర నిలుస్తుంది. ఎవరో ఒక పాచికను అలాగే వేసి, సగటు 4.5 వచ్చిందని మాత్రం మీకు చెప్పారనుకోండి. ఇంకొక్క ముక్క కూడా చెప్పలేదు. ఏ అంకె ఎన్నిసార్లు పడి ఉంటుంది? సగం సార్లు నాలుగు, సగం సార్లు ఐదు పడినా లెక్క సరిపోతుంది. కానీ అలా రాస్తే, ఒకటి ఒక్కసారి కూడా పడలేదని చెప్పినట్టే కదా! ఆ సంగతి మీకెవరు చెప్పారు?

ఇలాంటి చోట ఏం చేయాలో అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఎడ్విన్ జేన్స్ 1957లో ఒక నియమంగా చెప్పారు. తెలిసినదానికి పూర్తిగా కట్టుబడాలి, తెలియనిచోట ఎవరి పక్షమూ వహించకుండా వీలైనంత సమంగా పంచాలి. ఆ పంపకం ఎంత సమంగా ఉందో కొలిచేదే ఎంట్రోపీ. తెలిసిన సంగతులకు లోబడి దాన్ని ఎంత పెంచగలమో అంత పెంచడం వల్ల ఈ పద్ధతికి గరిష్ఠ ఎంట్రోపీ అని పేరు. మన పాచికకు ఈ లెక్క వేస్తే వందసార్లలో సుమారు 35 సార్లు ఆరు, 24 సార్లు ఐదు వస్తాయి. ఒకటికి కూడా ఐదుసార్లు చోటు దొరుకుతుంది. సగటు 4.5 వచ్చేలా పాచికను వేలసార్లు వేయగల మార్గాలన్నీ రాసుకుంటూ పోతే, వాటిలో దాదాపు అన్నీ ఈ పంపకానికి దగ్గరలోనే చేరతాయి. నాకు ఈ విద్యలో అన్నిటికంటే అందంగా తోచేది ఇదే.

ఇక అడవి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ హార్ట్ ఇదే పద్ధతిని జీవావరణ శాస్త్రంలోకి తెచ్చారు. ఆయన లెక్కకు కావలసినవి నాలుగే: నేల విస్తీర్ణం, జాతుల సంఖ్య, మొత్తం జీవుల సంఖ్య, అవన్నీ కలిసి వాడుకునే శక్తి. ఏ చెట్టుకు నీడ ఇష్టం, ఏ విత్తనాన్ని ఏ పిట్ట మోస్తుంది అన్నవి అడగనే అడగదు. మొదటిసారి చదివినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు.

అయితే ఆ లెక్క చెప్పేది వినండి: కొన్ని జాతులు మాత్రమే విస్తారంగా ఉంటాయి, చాలా జాతులకు లెక్కలో దొరికేది ఒకటో రెండో జీవులు. 1943లో బ్రిటన్ గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ పరిశీలించిన మలయా (నేటి మలేసియాలో భాగం) సీతాకోకచిలుకల సేకరణలో సరిగ్గా ఇదే కనబడింది. అందులో ఒక్కసారే చిక్కిన జాతులు 118, రెండుసార్లు చిక్కినవి 74, మూడుసార్లు 44, నాలుగుసార్లు 24. ఫిషర్ ఆ అంకెలను చూసి గీసిన గీతనే హార్ట్ సిద్ధాంతం ఏ జాతి ఎన్నిసార్లు చిక్కిందో చూడకుండానే గీస్తుంది.

మీ ప్రశ్నకు అసలు జవాబు మన పశ్చిమ కనుమల్లో ఉంది. అక్కడ పావు హెక్టారు చొప్పున, అంటే సుమారు 62 సెంట్ల చొప్పున, 48 చోట్ల చెట్లను లెక్కపెట్టారు. అన్నీ కలిపితే పన్నెండు హెక్టార్లు. అంచనా వేయవలసిన ప్రాంతమేమో 60,000 చదరపు కిలోమీటర్లు. చూసింది ఐదు లక్షల వంతుల్లో ఒక్క వంతు! హార్ట్ బృందం 2009లో ప్రకటించిన లెక్క వెయ్యి జాతులు దాటి కొద్ది దూరంలోనే ఆగింది. వృక్షశాస్త్రజ్ఞులు అనుకునే సంఖ్య కూడా వెయ్యి దగ్గరే ఉంది.

లెక్క తప్పే చోట్లు కూడా ఉన్నాయి. అడవి తగలబడినా, మరే కారణంగానో వేగంగా మారిపోతున్నా అంచనా పక్కకు జరుగుతుంది. దాన్ని సిద్ధాంతానికి ఓటమిగా నేను చూడను. మనం లెక్కలోకి తీసుకోని బలమేదో అక్కడ పనిచేస్తోందని ఆ తేడాయే పట్టిస్తుంది.

ఈ సూత్రంతోనే పనిచేసే 'మ్యాక్సెంట్' అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఉంది. ఒక జీవి కనబడిన చోట్లను, అక్కడి వాన, ఎండ, నేల ఎత్తు వంటి వివరాలను ఇస్తే, ఇంకా ఎక్కడెక్కడ ఉండవచ్చో పటంలో చూపుతుంది. లేని చోట్ల జాబితా అడగదు. అడగకపోవడమే మంచిది. మన కలివికోడినే చూడండి. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్నారు, 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్ట అన్నేళ్లూ ఆ పొదల్లోనే ఉంది. మనుషులు రోడ్ల పక్కనే ఎక్కువగా వెతుకుతారు కాబట్టి, మ్యాక్సెంట్‌కు ఇచ్చే చోట్లు కూడా అటే మొగ్గుతాయని మాత్రం గుర్తుంచుకోండి.

సెలవులకు వచ్చేటప్పుడు ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. చెరువు వెనకాల బీడులో పది అడుగుల చదరం గీసి మొక్కలు లెక్కపెడదాం. ఒక్కటంటే ఒక్కటే దొరికే రకాలు ఎన్ని ఉంటాయో ముందుగానే మొదటి పేజీలో రాసిపెట్టుకోండి. నా అంచనా కూడా రాసి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య